వట్టి ఆకు పాట

అది జ్యేష్ఠమాసం, రెండో శుక్రవారం, పగలు పదకొండుంబావు. ఆ వేళ గోడ గడియారం వైపు చూసింది నేనే, అందుకే అంత బాగా గుర్తు.

దుప్పటి కప్పుకో చిట్టీ, చెబుతాను. అనగనగా గోదావరి లంకలో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఎవరిదో దాచను, మా ఇల్లే. ఆ ఇంట్లో అప్పుడే ఇంటర్ పాసైన ఒక అమ్మాయి. ఆ పిల్ల ఎవరో కూడా దాచను. మీ అమ్మే, హైమ.

హైమకి డిగ్రీలో సాహిత్యం చదవాలని ఉంది. మీ తాతయ్యకి ఆ మాట గిట్టలేదు. కథలకీ పాటలకీ కాలేజీ దాకా వెళ్ళడం దేనికి, మీ అమ్మ రోజూ వంటింట్లో ఊరికే చెబుతోందిగా అని హైమతో, నన్ను చూపించి నవ్వేశారు. బీకాం దరఖాస్తు కాయితం తెచ్చి బల్ల మీద పెట్టారు. శనివారం సాయంత్రంతో గడువు ఆఖరు.

ఆ ఎండాకాలమే మా ఊరి గ్రంథాలయం అరుగు మీద కాత్యాయని టీచరు ఒక తరగతి పెట్టింది. కాలేజీలో చేరబోయే పిల్లలకి సాహిత్యం అంటే ఏమిటో ముందుగా రుచి చూపించడానికి. పదిమంది పిల్లలు వెళ్ళారు. మొదటి రోజు పుస్తకం తెరవనివ్వలేదట. మీ ఇళ్ళల్లో నోటికి వచ్చినదేదో పట్టుకురండి అందట. ఒకడు పడవ తోసేటప్పుడు పాడుకునే పాట తెచ్చాడు. ఒక పిల్ల తాడాట పాట తెచ్చింది. హైమ మా ఇంటి శుక్రవారం పాట తీసుకెళ్ళింది.

అప్పుడు టీచరు మూడు ప్రశ్నలు నేర్పింది. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఏది చెప్పకుండా ఉండిపోయారు? అర్థాలూ అలంకారాలూ తర్వాత, ముందు ఈ మూడూ అడగండి, జవాబు దొరికేదాకా పాటని వదలకండి అందట.

ఆ పాట సంగతి నీకు చెప్పాలి. మా అత్తగారు సూరమ్మగారు నాకు నేర్పారు, ఆవిడకి వాళ్ళ అత్తగారు. ప్రతి శుక్రవారం ఇంటిల్లిపాదీ భోంచేశాక అమ్మవారి ముందు కోడలు పాడాలి. నా గొంతు బాగుంటుందని పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. పెళ్ళిళ్ళకి పిలిచి మరీ పాడించుకునేవారు. కడుపులు నిండిన ఇంటి పాట, శుభం అనేవారు.

పాట అయ్యాక ఇంకో ఆచారం. కడిగిన అరిటాకు ఒకటి అమ్మవారి ముందు పరవాలి. దాంట్లో ఏమీ వడ్డించకూడదు. కాసేపు ఉంచి, దణ్ణం పెట్టి, ఆవుకి వేసెయ్యాలి. అందరికీ కడుపు నిండింది, ఇక వడ్డించే పని లేదు తల్లీ అని చెప్పడం అన్నమాట. అలా అనే మాకు చెప్పారు. లంక మొత్తంలో ఈ వట్టి ఆకు ఆచారం మా ఒక్క ఇంట్లోనే ఉందని మా అత్తగారికి ఎంత గొప్పో.

గురువారం రాత్రి హైమ వాళ్ళ నాన్నని పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి ఆయన వింటున్న పాటలో ఆయనకి తెలియనిది ఒక్కటి చూపిస్తానంది. చూపిస్తే సాహిత్యం కాయితం మీద సంతకం పెట్టాలి. చూపించలేకపోతే తను బీకాంలో చేరుతుంది, మళ్ళీ నోరెత్తదు. తాతయ్య మీసం దువ్వుకుని, సరే కానీ అన్నారు. నాకు మాత్రం భయం వేసింది. ఆ పాట నాకూ అక్షరం అక్షరం తెలుసు. అందులో తెలియనిదేం ఉంటుంది?

శుక్రవారం వచ్చింది. పొలం వెళ్ళే ఇల్లు కదా, పదిన్నరకల్లా అందరి భోజనాలూ అయిపోయాయి. దీపం పెట్టి నేను పాడాను.

అత్తగారు తిన్నారు, ఆకు తీసినాను,
చూడవమ్మ తల్లీ, చల్లని తల్లీ.
మామగారు తిన్నారు, మంచినీళ్ళు పోసినాను,
చూడవమ్మ తల్లీ, చల్లని తల్లీ.
పెనిమిటి తిన్నాడు, పీట ఎత్తినాను,
చూడవమ్మ తల్లీ, చల్లని తల్లీ.
పిల్లలు తిన్నారు, మూతులు కడిగినాను,
కాకమ్మ తిన్నది, గోమాత తిన్నది,
కుండ కడిగి బోర్లించి, నీ కాడికొచ్చినాను,
చూడవమ్మ తల్లీ, చల్లని తల్లీ.

పాట అయింది. నేను ఆకు పరిచాను.

అప్పుడు హైమ మొదటి ప్రశ్న వాళ్ళ నానమ్మని అడిగింది, పాటలో మాట్లాడేది ఎవరని. ఇంకెవరే, ఇంటి కోడలు అన్నారు మా అత్తగారు. రెండో ప్రశ్న వాళ్ళ నాన్నని అడిగింది. అమ్మవారితో చెబుతోంది, ఇది కూడా చదువేనా అన్నారు ఆయన.

మూడోది నన్ను అడిగింది. "అమ్మా, పాటలో ఎవరెవరు తిన్నారో లెక్కపెట్టు."

నేను వేళ్ళు మడిచాను. అత్తగారు, మామగారు, పెనిమిటి, పిల్లలు, కాకి, ఆవు. అందరూ తిన్నారు అన్నాను.

"పాడే ఆవిడ ఎప్పుడు తింది?"

తర్వాత తింటుందిలే అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో, చిట్టీ.

"కుండ కడిగి బోర్లించేసిందిగా అమ్మా."

అప్పుడే నేను గడియారం వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. ఎటో ఒకవైపు చూడాలి కదా. పదకొండుంబావు. ఇరవై ఏళ్ళుగా నా నోటితో పాడుతున్నాను. పెళ్ళిపందిళ్ళలో పాడాను. ఒక ఆడకూతురు ఆకలేస్తోంది తల్లీ అని మొరపెట్టుకుంటుంటే, నేను రాగం తీశాను.

తాతయ్య చూపు ఆ వట్టి ఆకు మీద పడింది.

ఆ తర్వాత మా అత్తగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ఆ పాట కట్టింది పున్నమ్మట, ఆవిడ అత్తగారికి అత్తగారు. ఇరవై ఆరో ఏట పోయింది. గాదెలు నిండిన ఏడాదే పోయింది. ఏం జబ్బో ఎవరికీ అంతు చిక్కలేదన్నారట. పాట పాడుకున్నాక ఒక ఆకు వేసుకుని, దాని ముందు ఊరికే కూర్చునేదట.

"పూజ అనుకున్నార్రా," అన్నారు మా అత్తగారు కొడుకుతో. "మేమూ పూజే అనుకున్నాం."



అప్పుడు తాతయ్య నా వైపు తిరిగారు. "ఏమే, నువ్వు నిన్న ఎప్పుడు తిన్నావు?"

చెబుదామని నోరు తెరిచాను. గుర్తు రాలేదు. మా అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. తిరిగొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు కూడా అన్నం కుండ కడిగేసి, గోడవార బోర్లించి ఉంది. కడిగింది నేనే.

ఆ సాయంత్రం మా అత్తగారు పాట చివర ఒక మాట కలుపుదామన్నారు, నేను కూడా తిన్నాను తల్లీ అని. అలా పాడితే పున్నమ్మ ఆత్మ శాంతిస్తుందని ఆవిడ ఆశ. హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వద్దు నానమ్మా. ఆవిడ తినలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉండనీ."

అప్పుడు నాకు తెలిసింది, అది ఏం చదవబోతోందో.

తెల్లారింది. శనివారం. ఇంట్లో ఎవరికీ ఇంకా టిఫిన్లు పెట్టలేదు. తాతయ్య పెరట్లోకి వెళ్ళి తనే ఆకు కోసుకొచ్చి, కడిగి, అమ్మవారి ముందు పరిచారు. తిరగేసి పరిచారు. ఒరేయ్, కొస ఎడమ పక్కకి రావాలిరా, నలభై అయిదేళ్ళుగా తింటున్నావు, ఆకు వెయ్యడం తెలియదా అని మా అత్తగారు కసిరి సరిచేశారు. నన్ను భుజం పట్టుకుని దాని ముందు కూర్చోబెట్టారు. వేడి అన్నం, నెయ్యి ఆవిడే వడ్డించారు, ముద్దపప్పు తాతయ్య వడ్డించారు. నేను తింటున్నంతసేపూ ముగ్గురూ నిలబడే ఉన్నారు.

నేను చెయ్యి కడుక్కున్నాక గానీ తాతయ్య కలం అందుకోలేదు. పప్పు గరిట పట్టిన చెయ్యి సరిగ్గా తుడుచుకోలేదేమో, సాహిత్యం కాయితం మీద ఆయన సంతకం పక్కనే పసుపు రంగు వేలిముద్ర ఒకటి పడింది. హైమ దాన్ని అలాగే తీసుకెళ్ళి ఇచ్చొచ్చింది.

కథ నడిచింది కంచికి,
అన్నమొచ్చింది ఆకుకి,
ఆకు దక్కింది అమ్మకి,
నిద్ర వచ్చింది చిట్టికి.