ఆరుద్ర పురుగు వీపు

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజమే. ఒక్క అబద్ధం దొర్లినా నా నోట్లో మిగిలిన ఆ ఒక్క పన్నూ ఇప్పుడే ఊడిపడాలి. చూశారా, ఊడలేదు. ఇక వినండి.

అనగనగా, సముద్రానికి ఇంకా ఉప్పు పూర్తిగా పట్టని రోజుల్లో, ముత్యాలపురి అనే రాజ్యం ఉండేది. అక్కడి కోటంతా పాలరాయి. గోడలు పాలరాయి, వాకిలి పాలరాయి, వంటింట్లో రోలు కూడా పాలరాయే. ఆ తళతళకి చుక్కలు సిగ్గుపడి మబ్బుల చాటుకు పోయేవి. రాణి పాదం మట్టిని తాకరాదని అక్కడ తాతల నాటి కట్టడి. ఈ కథలో ఫోటోలు కూడా వస్తాయి, రాజుల కాలంలో ఫోటోలేమిటని మధ్యలో అడక్కండి. ముత్యాలపురిలో ఉండేవి. అంతే.

ఆ రాజ్యపు రాజు సాగరసింహుడు కేతకి అనే మెట్టసీమ పిల్లను పెళ్ళాడి తెచ్చుకున్నాడు. ఆమె పుట్టింది ఎర్రమట్టి నేల మీద. తొలకరి పడగానే ఆ నేలలోంచి ఆరుద్ర పురుగులు బయటికి వచ్చేవి. గురివింద గింజంత ఒళ్ళు, దానికి ఎర్రటి మఖమలు చొక్కా! వాటిని చూడగానే కేతకి తల్లి, "ఆరుద్రలొచ్చాయి, విత్తనాలు దింపండర్రా!" అని కేక వేసేది. ఆ కేకకు పై ఊరి ఎద్దులు కూడా లేచి వాటంతటవే కాడి కిందకు వచ్చేవి. కేతకి మాత్రం బోర్లా పడుకుని, మట్టికి గడ్డం ఆనించి, ఆ పురుగుల నడక చూస్తూ ఉండిపోయేది.

కోటలోనూ వానలు పడ్డాయి. పాలరాతి మీద పడి, తూముల్లోంచి జారిపోయాయి. మట్టి వాసన లేదు. ఏ పురుగూ రాలేదు. కేతకి ముద్ద మింగడం మానేసి కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె నిట్టూర్పులకు కోట మీది జెండాలన్నీ మెట్టసీమ వైపు తిరిగాయి.

"ఏం కావాలి దేవీ? వజ్రాలా? ఏనుగులా?" అన్నాడు రాజు.

"ఒక్క ఆరుద్ర పురుగును చూడాలి ప్రభూ. పుట్టింటికి వెళ్ళి వస్తాను."

రాజుకు భయం పట్టుకుంది. వెళ్తే మళ్ళీ వస్తుందో రాదో! "కట్టడి ఉంది కదా దేవీ. నువ్వెందుకు వెళ్ళడం? అదే నీ దగ్గరికి వస్తుంది" అన్నాడు.

వెంటనే సైనికులను పంపాడు. వాళ్ళు వెండి పెట్టె నిండా పురుగులను పట్టి తెచ్చారు. కేతకి ఆశగా మూత తీసింది. అన్నీ కాళ్ళు ముడుచుకుని, వాడిపోయిన రేగుపళ్ళలా ఉన్నాయి.

"పాపం, చీకట్లో మట్టి కోసం ఎంత వెతుక్కున్నాయో" అని మూత మూసేసింది.

తరువాత ఆస్థాన ఫోటోగ్రాఫరు రంగరాజు వచ్చాడు. ఆ పెట్టెలోంచి ఒక పురుగును తీసి, కాళ్ళు విడదీసి జిగురుతో అంటించి, నీలిపట్టు మీద పెట్టి ఫోటో తీశాడు. ఏనుగంత ఫోటో! ఒంటి మీది నూగు కూడా లెక్కపెట్టుకోవచ్చు. సభంతా ఆహా అంది.

"దీని కాళ్ళ కింద నేల ఏదయ్యా?" అంది కేతకి.

"పురుగు బాగా కనబడాలని పట్టు పరిచానమ్మా."

"ఇది ఎక్కడికి పోతోంది?"

"చచ్చింది ఎక్కడికి పోతుందమ్మా!"

ఆమె ముఖం తిప్పేసుకుంది.

ఆఖరికి సింగప్ప వచ్చాడు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. తాళి కట్టాక వచ్చి, "ఏదీ, ఇంకొక్కసారి కట్టండి బాబూ" అనే రకం. రాజు పంపితే అలవాటు ప్రకారం మెట్టసీమకూ ఆలస్యంగానే వెళ్ళి, ఇంకా ఆలస్యంగా తిరిగి వచ్చి, సభలో ఫోటో విప్పాడు.

మంత్రి మండిపడ్డాడు. "ఓరి నీ ఫోటో తగలెయ్యా! రాణిగారికి పురుగు పిర్రలు చూపిస్తావా?"

సభ నవ్విన నవ్వుకు పాలరాయి బీటలు వారింది.

"నిజమే దొరా" అన్నాడు సింగప్ప. "నేను వెళ్ళేసరికి వాన వెలిసింది. బురదలో బోర్లా పడుకుని ఫోటో పెట్టె దగ్గరికి జరిపితే, నా ఊపిరి తగిలి పురుగు కాళ్ళు ముడుచుకుంది. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపంటే, నా వీపు మీద గడ్డి మొలిచింది! ఈలోగా నేల ఆరుతోందని అది లోపలికి బయలుదేరింది. తవ్వి లాగితే మొహం దొరికేదే. ఇంటికి పోతున్నదాన్ని కాలు పట్టి లాగబుద్ధి కాలేదు."

కేతకి దగ్గరకు వచ్చి చూసింది. బండరాళ్ళంత పెద్దగా కనబడుతున్న తడిమట్టి రేణువులు. ఉసిళ్ళు రాల్చిన ఒక రెక్క. అప్పుడే తలెత్తిన జొన్న మొలక. వాటి మధ్య మట్టిలోకి సగం దిగిన ఎర్రటి మఖమలు వీపు.

ఆమె కళ్ళు నిండాయి. "ఇదే! రెక్కలొచ్చిన చెదలే కదా ఉసిళ్ళు, వాటిని తిని, మా అమ్మ చేనుకు చెదల బెడద తగ్గించి, ఇలాగే వెళ్ళిపోయేది. ఏటా నేను ఆఖరున చూసింది ఈ వీపే. ఇక కనబడదని అక్కడే కూర్చుని ఏడ్చేదాన్ని."

"మరి మళ్ళీ వచ్చేదా?" రాజు ముందుకు వంగి అడిగాడు.

"వానొస్తే వచ్చేది ప్రభూ. ఎవరూ పట్టి తేకుండానే."

రాజు వెండి పెట్టె వైపు చూశాడు. ఫోటో వైపు చూశాడు. తన పాలరాతి గోడల వైపు చూశాడు.

"దేవీ, బండి కట్టిస్తాను. చెప్పులు ఇక్కడే వదిలి వెళ్ళు" అన్నాడు.

కేతకి వెళ్ళింది. రాజు ఆ ఫోటోను సింహాసనం పక్కనే తగిలించాడు. పరదేశపు రాయబారులు అదేదో దేవుడనుకుని ముందు దానికే దణ్ణం పెట్టేవారు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చోవడం రాజు వంతయింది. జెండాలు ఇంకా మెట్టసీమ వైపే ఊగుతున్నాయి.

వానలు వెనకబట్టాక ఒకనాడు బండి వచ్చి ఆగింది. కేతకి దిగింది. చీలమండల దాకా ఎర్రమట్టి! పాలరాతి మీద అడుగుల అచ్చులు పడుతుంటే దాసీలు గుడ్డలు పట్టుకుని పరుగెత్తారు.

"తుడవకండి!" అన్నాడు రాజు.

మర్నాడే వాకిట్లో రాళ్ళు పీకించాడు. తరువాతి తొలకరికి రాజూ రాణీ ఆ మట్టిలో బోర్లా పడుకుని, పక్కపక్కనే, ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. కిరీటం ఎక్కడికి దొర్లిపోయిందో ఈనాటికీ దొరకలేదు.

పట్టి తెచ్చుకున్న ప్రాణి మనదైపోదు. దాని చోట దాన్ని ఉండనిచ్చి, మనమే వంగి చూస్తే అప్పుడు కనబడుతుంది.

సరే, చినుకు ఆగినట్టుంది. ఆ చివర కూర్చున్న నువ్వు లేచి, పెరట్లో గోడ వారగా ఎర్రగా ఏదైనా కదులుతోందేమో చూసి రా. ముట్టుకోకు, బోర్లా పడుకో. వచ్చేటప్పుడు నాకో తమలపాకు కోసుకు రా, ఉన్న ఒక్క పంటికీ కాస్త పని చెప్పాలి.