ఎవర్నీ వెనక వదలని ఇన్నాసమ్మ ఇల్లు

కొండకింద పేటలో ఇన్నాసమ్మ ఇంటివాళ్ళకు తమ తెలివంటే ఒకటే గొప్ప. "ఫాదరుగారి మాట ఊరంతా వింటుంది. పొల్లుపోకుండా చేసేది మాత్రం మనమే!" అని కొడుకు జోజప్ప మీసం తిప్పేవాడు. కోడలు శౌరమ్మ తలూపేది. ఇన్నాసమ్మకు మాత్రం లోపల ఒక దిగులు. కిందటేడు ఈస్టరు ముందటి తపస్సుకాలంలో, స్థలం స్థలంలో ఆగి జపం చేసే సిలువ మార్గానికి అందరితో కొండెక్కింది. దిగేటప్పుడు ఆమెను మరిచి అందరూ దిగిపోయారు. దారి గుర్తులేక పొద్దుగూకేదాకా ఒక్కతే బండమీద కూచుంది.

ఈ ఏడు తపస్సుకాలం ముందు ఫాదరుగారు గుడిలో చెప్పారు. "ఇది మనందరం కలిసి చేసే ప్రయాణం. ఒక్కరినీ వెనక వదలకండి. శుక్రవారాలు ఇంటిల్లిపాదీ ఉపవాసముండండి. విభూది బుధవారానికి పోయినేటి మట్టలు తెచ్చివ్వండి, కాల్చి నొసట బూడిద పెడదాం."

పోయినేడు మట్టల ఆదివారం ఊరేగింపులో చేతపట్టిన మట్టను ఊళ్ళో ఎవరిది వాళ్ళు తెచ్చిచ్చారు. శౌరమ్మ ఆలోచించింది. "మేకల పాకకు కప్పినవీ పోయినేటి మట్టలేగా!" అంతే. జోజప్ప పాకెక్కి కప్పంతా పీకి, బండికెత్తి, గుడిముందు దించాడు.

"ఇంత బూడిద ఎవరికి పుయ్యాలయ్యా?" అన్నారు ఫాదరుగారు.

"చాలకపోతే చెప్పండి ఫాదరుగారూ, వంటపాక కూడా ఉంది!"

ఇంకేముంది, మేకలు ఇంట్లోకొచ్చాయి. ఇంట్లోకొచ్చాక ఇంటిల్లిపాదిలో చేరినట్టేగా? శుక్రవారం వాటికీ ఉపవాసమే. "అరవకే, పుణ్యం పోతుంది!" అని శౌరమ్మ మేకల్ని కసిరింది.

ఆ సాయంత్రం సిలువ మార్గం. "ఈసారైనా నన్ను వదలరుగా?" అంది ఇన్నాసమ్మ.

"వదలడమా! మా తెలివి చూడమ్మా" అని జోజప్ప ఒక పెద్ద తాడు తెచ్చాడు. ముందు తను, వెనక శౌరమ్మ, ఆ వెనక మేకలు, చివర అమ్మ. అందర్నీ ఒకే తాటికి కట్టాడు. కొండెక్కారు. చివరి స్థలంలో, సమాధి గూట్లో పడుకున్న స్వామి కొయ్యబొమ్మ ముందు మోకరించారు. మోకరించనివి మేకలే. ఆకలిమీదున్నాయేమో, ఇన్నాసమ్మ వైపు తాడు పరపరా నమిలేశాయి.

దిగుతూ జోజప్ప తాడు లాగి చూశాడు. బరువు తగిలింది. "అమ్మా, వస్తున్నావా?"

"మే..." అంది మేక.

"వస్తోంది" అనుకుని ఇంటికొచ్చేశాడు. చూస్తే అమ్మ ఏదీ?

"గొంతు తేడాగా ఉంటే జలుబు చేసిందనుకున్నానండీ!" అంది శౌరమ్మ.

ఇద్దరూ రొప్పుతూ మళ్ళీ కొండెక్కారు. ఇన్నాసమ్మ గూటి పక్కనే కూచుని స్వామికి తన పైట చెంగు కప్పుతోంది.

"పదమ్మా."

"రాను. వెనకబడితే ఎంత దిగులో నాకు తెలుసు. ఈయన్ని కిందటేడూ వదిలేశాం, ఇప్పుడూ వదిలేస్తున్నాం. ఫాదరుగారు ఒక్కరినీ వదలొద్దన్నారా లేదా?"

జోజప్ప నోరెళ్ళబెట్టాడు. "నిజమే సుమా! ఊరంతటికీ తట్టలేదు!"

అంతే. స్వామిని భుజానికెత్తుకుని ఇంటికొచ్చారు. మేకల పక్కన మంచం వాల్చి, పడుకోబెట్టి, దుప్పటి కప్పారు.

తెల్లారి గుడి పనులు చూసే ఉపదేశి కొండెక్కి చూస్తే సమాధి ఖాళీ! స్వామి సమాధిలోంచి లేచే ఈస్టరు పండగ ఇంకా ఎంతో దూరముంది. ఒక్క పరుగున గుడికొచ్చి గంట అందుకున్నాడు. "స్వామి లేచాడు! ముందే లేచాడు!" ఇంకేముంది, ఊరంతా ఉపవాసాలు మాని కోళ్ళ వెంట పడింది. ఫాదరుగారు ఒంటికాలి చెప్పుతో వీధిలోకి పరిగెత్తుకొచ్చారు.

గంట విని ఇన్నాసమ్మ మంచం వైపు చూసింది. స్వామి కదల్లేదు. దుప్పటి సర్ది, గుమ్మంలోకొచ్చి కేకేసింది.

"ఒరేయ్ జోజప్పా! ఆ గంట మెల్లగా కొట్టమనరా. స్వామి ఇంకా లేవనే లేదు!"