గజశాలలో ఎల్లన అక్క

ఒకానొక కొండ రాజ్యంలో, నవ్వించడమే కొలువుగా బతికే ఎల్లన అనే మనిషి ఉండేవాడు. ఆ రాజ్యం పేరు కందనగిరి. దాన్ని ఏలేవాడు ఉద్దండ భూపతి. ఆయన సభకు వస్తుంటే ముందు నడిచే వందిమాగధులకు బిరుదులన్నీ చదవడానికి ఊపిరి చాలేది కాదు. తన నోట వెలువడిన మాట రాతి మీద గీత అని రాజు తరచుగా చెప్పుకునేవాడు. విన్నవాళ్లంతా తల ఊపేవారు.

ఎల్లన మాత్రం తల ఊపకుండా ఏదో ఒకటి అనేవాడు. రాజుకు ముందు కోపం వచ్చేది, వెంటనే నవ్వు వచ్చేది. ఆ రెండింటికీ మధ్య ఉన్న సందులోనే ఎల్లన ఇన్నాళ్లూ తన కొలువు కాపాడుకుంటూ వచ్చాడు.

ఇంటికి వెళ్తే అతను వేరే మనిషి. ఇంట్లో ఉండేది అక్క చెన్నమ్మ ఒక్కతే. తల్లి పోయాక అతన్ని చంకన వేసుకుని పెంచింది ఆమే. ఒక వానాకాలం నానిన మట్టిగోడ కూలి చెన్నమ్మ నడుము మీద పడింది. ప్రాణం దక్కింది కానీ వెన్నెముక వంకరగా అతుక్కుంది. ఆనాటి నుంచి నొప్పి ఆమెను వదల్లేదు. కూర్చోలేకపోయేది, పడుకోలేకపోయేది. తైలాలు రాశారు, పట్లు వేశారు, ఇసుక మూటలతో కాపడం పెట్టారు. ఏదీ పని చేయలేదు.

చివరికి యాత్రకు పోతున్న ఒక బైరాగి ఆమెను చూసి, గంజాయి ఆకు నేతిలో వేయించి, బెల్లంతో నూరి, రేగిపండంత ఉండ చేసి ఇచ్చాడు. "దీనితో జబ్బు పోదు తల్లీ" అని ముందే చెప్పాడు. ఉండ చేసే తీరు ఎల్లనకు నేర్పి తన దారిన పోయాడు.

ఆ రాత్రి చెన్నమ్మ నిద్రపోయింది. తెల్లవారాక ఎల్లన అడిగాడు.

"నొప్పి పోయిందా అక్కా?"

"పోలేదురా. ఇన్నాళ్లూ నా మీద ఎక్కి కూర్చుంది. నిన్న కాస్త దిగి గుమ్మం దగ్గర కూర్చుంది."

అలాగని ఆ మందు ఆమెకు పూర్తిగా నచ్చిందని కాదు. తిన్న పూట మాట తడబడేది. ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఇంకోసారి ఎప్పుడో పోయిన అమ్మతో కూర్చుని మాట్లాడింది. మత్తు దిగాక సిగ్గుపడి ఏడ్చింది. ఎల్లనకూ ఎటూ తేలేది కాదు. ఆమె నిద్రపోతుంటే చూసి సంతోషించేవాడు. కళ్లు తెరుచుకునే గోడకేసి చూస్తూ ఉండిపోతే భయపడేవాడు.

ఇంతలో రాజుగారి ఇంట్లో కష్టం జరిగింది. ఉద్దండ భూపతికి ఒక్కడే తమ్ముడు. చక్కగా వీణ వాయించేవాడు. ఎలా పట్టుకుందో, సత్రం వెనక గంజాయి పీల్చేవాళ్ల సావాసం పట్టుకుంది. వీణ మానేశాడు, తిండి మానేశాడు, అన్నగారిని గుర్తుపట్టడం కూడా మానేశాడు. ఒక ఉదయం కోటగోడ మీద నడుస్తూ నడుస్తూ, గోడ ఇంకా ఉందనుకుని గాలిలోకి అడుగు వేశాడు.

కర్మకాండ ముగియగానే దండోరా వేశారు. కందనగిరిలో ఏ మనిషీ గంజాయి పీల్చరాదు, తినరాదు, తాగరాదు, పెంచరాదు. మీరినవాణ్ణి దేశం దాటిస్తారు. తోటలన్నీ తగలబెట్టారు. ఆ పొగ ఊరి మీద చాలాసేపు ఆడింది.

రాజును అడుగుదామని ఎల్లన సభ దాకా వెళ్లాడు. సింహాసనం మీద రాజు ముఖం చూశాక వెనక్కి తిరిగాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడి ముందు ఏ చమత్కారం చేస్తాడు? అక్కడి నుంచి రాజవైద్యుడు సోమనాథ పండితుడి ఇంటికి వెళ్లాడు.

పండితుడు అంతా విన్నాడు.

"శాస్త్రంలో దాన్ని మందుగా చెప్పినమాట నిజమే ఎల్లనా. విషంగా చెప్పినమాట కూడా నిజమే. మందని మొదలుపెట్టి, అది లేకుండా లేవలేని స్థితికి వచ్చినవాళ్లను నేను చూశాను. మీ అక్కకు ఇవాళ ఒక ఉండ చాలుతుంది. రేపు రెండు కావాలి. ఆ తరువాత?"

"ఆ తరువాత సంగతి ఆ తరువాత చూద్దాం. ఇవాళ్టికి ఏం చెయ్యమంటారు?"

"కాపడం పెట్టు" అన్నాడు పండితుడు. ఆ మాట అంటూ ఆయన ఎల్లన ముఖంలోకి చూడలేదు.

ఆ తరువాత రోజులు చెప్పుకోవడానికి బాగుండవు. చెన్నమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకునేది, పక్కింటివాళ్లకు వినపడకుండా. నాలుగు మాటలు చెప్పి నవ్విద్దామని ఎల్లన పక్కన కూర్చుంటే, "వద్దురా, నవ్వితే నడుము లాగుతోంది" అనేది. ఒక సాయంత్రం చాలా నిదానంగా అంది:

"ఆ గోడ ఇంకాస్త పెద్దదై ఉంటే బాగుండేది."

ఎల్లన ఇసుక వేడి చెయ్యాలని లేచి వెళ్లిపోయాడు. సభలో అతని హాస్యం చప్పబడింది. ముసలివాడివైపోతున్నావని రాజు ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు.

దసరా దగ్గరపడింది. ఊరేగింపుకు రాజు ఎక్కేది మందరం అనే పట్టపుటేనుగు. దాని ముంగాలికి మానని పుండు ఒకటి ఉంది. మావటి గురవడు రోజూ సాయంత్రం దానికి గంజాయి కలిపిన అన్నం ముద్ద పెట్టేవాడు. తాతలనాటి నుంచి ఏనుగులకు అదే అలవాటు. దండోరా విన్నాక భయపడి మానేశాడు. మందరం ఘీంకరించడం మొదలుపెట్టింది. ఆ కేక అంతఃపురం దాకా వచ్చేది. అంబారీ కట్టబోతే మోకాలు వంచలేదు.

రాజుకు నిద్ర పట్టలేదు. ఆయన ఆ ఏనుగును గున్నగా ఉన్నప్పటి నుంచి ఎరుగును. పైగా దసరా నాడు గుర్రం ఎక్కి వెళ్తే పొరుగు రాజులు ఏమనుకుంటారు? పండితుణ్ణి పిలిపించాడు.

"పాత ముద్ద తప్ప దారి లేదు ప్రభూ" అన్నాడు పండితుడు.

"నా మాట రాతి మీద గీత కదా?"

పండితుడు కాస్త ఆలోచించాడు. "తమరు నిషేధించింది మనుషులకు. ఏనుగుల మాట అందులో లేదు."

రాజు ముఖం వికసించింది. గజశాలలోనే కట్టేసే గుర్రాలూ ఒంటెలూ కూడా కలిసివచ్చేలా కొత్త ఆజ్ఞ తానే నోటితో చెప్పాడు. మర్నాడు దండోరా మోగింది.

"గజశాలలో గొలుసున కట్టబడి, తీరని నొప్పితో బాధపడే ఏ ప్రాణికైనా, మావటి చేతి మీదుగా గంజాయి ముద్ద పెట్టవచ్చునహో. ఇది ఉద్దండ భూపతులవారి ఆజ్ఞ. ఇందులో ఒక్క అక్షరం మార్చడానికి ఎవరికీ అధికారం లేదహో."

ఆ చివరి మాట రాజు మీసం దువ్వుతూ ప్రత్యేకంగా చేర్పించాడు.

ఎల్లన ఇసుక మూట పట్టుకుని వాకిట్లో నిలబడి విన్నాడు. దండోరా వేసేవాణ్ణి ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. లోపలికి వెళ్లి అక్క మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, తిట్టనంటే ఒక మాట చెప్తాను."

చెప్పాడు.

"నన్ను ఏనుగుల పక్కన కట్టేస్తావా?"

"కట్టేస్తాను."

"జనం చూస్తార్రా."

"చూస్తారు."

ఆమె కళ్లు మూసుకుంది. "గొలుసు బరువుగా ఉంటుందేమో" అంది చివరికి.

"చిన్నది తెస్తానక్కా."

పొద్దు వాలకముందే నలుగురి చేత మంచం మోయించి గజశాలకు చేర్చాడు. మందరానికి పక్కనున్న గుంజకు సన్నటి గొలుసు కట్టి, రెండో కొన అక్క కాలికి చుట్టాడు. చెన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

గురవడు దూరం నుంచే దండం పెట్టాడు. "నా కొంప ముంచకయ్యా."

"ఇది గజశాలా కాదా?"

"గజశాలే."

"గొలుసు ఉందా?"

"ఉంది."

"నొప్పి ఉందా లేదా, నువ్వే చూడు."

గురవడు చూశాడు. ఇంకేమీ అడగకుండా వెళ్లి, ఏనుగు ముద్దలోంచి గోరంత తీసి తెచ్చాడు.

తెల్లవారేసరికి ఈ సంగతి ఊరంతా గుప్పుమంది. ఉద్దండ భూపతి బిరుదులు చదివేవాళ్ల కోసం కూడా ఆగకుండా, పండితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎల్లనా, రాజాజ్ఞతో పరాచికాలా?"

"అక్షరం పొల్లుపోకుండా పాటించాను ప్రభూ."

"ఈమె ఏనుగా?"

"కాదు ప్రభూ. ఏనుగైతే మూలిగిన మొదటి రోజే తమ చెవిన పడేది."

రాజు ముఖం కందగడ్డ అయింది. పండితుడు ముందుకు వచ్చాడు. "ఆజ్ఞ జంతువులను ఉద్దేశించినది. అది నీకు తెలియదా?"

"దండోరాలో జంతువు అన్నమాట లేదు పండితులవారూ. ప్రాణి అని ఉంది. మా అక్క ప్రాణి కాదని మీరు సెలవిస్తే ఇప్పుడే గొలుసు విప్పి తీసుకుపోతాను. ఇంటికో, కాటికో, అది కూడా మీరే సెలవియ్యండి."

పండితుడు మంచం వైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు. "ప్రాణే" అన్నాడు మెల్లగా.

రాజు గొంతు సభలో వినిపించే గొంతులా లేదు.

"అది నా తమ్ముణ్ణి మింగింది ఎల్లనా. నీకు తెలుసు. నువ్వు వాడి పాడె వెనక నడిచావు."

ఎల్లన ఆ పూట కోసం చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు. వాటిలో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. అతను నిలబడిపోతే చెన్నమ్మే మాట్లాడింది.

"లేచి దండం పెట్టలేను ప్రభూ, మన్నించండి. అది మంచిదని నేను అనను. తిన్న పూట నా మతి నా దగ్గర ఉండదు. వీడు భయపడతాడు, నేనూ భయపడతాను. కానీ తినని పూట నా దగ్గర నొప్పి తప్ప ఇంకేమీ ఉండదు. తమ్ముడైన వీడి ముఖం కూడా కనపడదు."

రాజు అక్కడే ఉన్న పచ్చగడ్డి మోపు మీద కూర్చున్నాడు. మందరం పక్కనే గడ్డి నములుతోంది.

"రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని అడిగాడు.

"పట్టింది ప్రభూ."

"మా వాడికి ఏం నొప్పి ఉండేదో నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు రాజు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

కాసేపటికి లేచి, పట్టుపంచెకు అంటిన గడ్డి దులుపుకుని, మళ్లీ రాజు కావడానికి ప్రయత్నించాడు.

"సరే. దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు రాజ్యంలో నడుము నొప్పులవాళ్లూ మోకాళ్ల నొప్పులవాళ్లూ అందరూ గొలుసులు చుట్టుకుని వచ్చి పడతారు. ఈ శాల చాలుతుందా?"

"చాలదు ప్రభూ. అక్షరం మార్చడానికి వీల్లేదు గనక, కోట మొత్తానికీ గజశాల అని పేరు పెట్టుకోవాలి. అప్పుడు జనమంతా ఏనుగులు, తమరు మావటి. దసరాకు ఎవరి మీద ఎక్కాలో తమరే తేల్చుకోవచ్చు."

పండితుడు గట్టిగా దగ్గాడు. గురవడు ఏనుగు చాటుకు తప్పుకున్నాడు. రాజు కళ్లు ఎర్రజేసి ఎల్లనకేసి చూశాడు. మీసం అదిరింది. ఆ తరువాత పెదవి అదిరింది. ఉద్దండ భూపతి నవ్వాడు. తమ్ముడు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. గుంజ పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగిపోయాక కూడా చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

గొలుసు తనే విప్పబోయాడు. చేతకాక గురవణ్ణి పిలిచాడు.

"పీల్చడం ఇకముందూ నేరమే" అన్నాడు. "తీరని నొప్పి ఉన్నవాళ్లను పండితుడు స్వయంగా చూసి, స్వయంగా కొలిచి ఇవ్వాలి. ఎవరికైనా అది వ్యసనమైతే నాకు జవాబు చెప్పవలసింది ఆయనే."

"నాకిది ఇష్టం లేదు ప్రభూ" అన్నాడు పండితుడు. "అయినా చేస్తాను. నా చేతిలో ఉంటే కొలతైనా ఉంటుంది."

రాజు తన చేతి కంకణం తీసి ఎల్లన చేతికి తొడిగాడు. చెన్నమ్మను ఇంటికి చేర్చడానికి తన పల్లకీ తెప్పించాడు.

పల్లకీ బజారు మీదుగా వెళ్లింది. బోయీలు ఎంత నెమ్మదిగా నడిచినా ఒక్కో కుదుపుకు లోపలి నుంచి మూలుగు వినిపించేది. నడుమ నడుమ చెన్నమ్మ అమ్మను పిలుస్తూ ఏదో చెబుతోంది. పండితుడు కొలిచి ఇచ్చినా, రాజు పల్లకీ పంపినా ఆ వెన్నెముక తిన్నగా అతుక్కోదని ఎల్లనకు తెలుసు. రాజుగారి కంకణం చేతికి వేలాడుతుంటే, పల్లకీ కొమ్ము పట్టుకుని పక్కన నడుస్తూ అతను ఏడ్చాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

అంగళ్ల ముందు నిలబడిన జనం చూశారు. ఎల్లన వస్తున్నాడంటే ఏదో ఒక వేషం ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ ఏడుపూ అలాంటిదే అనుకుని విరగబడి నవ్వారు.