తాటిచెట్టు మీది దుప్పి

పొగడకోన అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, నక్కలు, దుప్పులు, ఏనుగులు, చెప్పలేనన్ని పిట్టలు ఉండేవి. అది ఎంత దట్టమైన అడవంటే, మిట్టమధ్యాహ్నం సూర్యుడు కూడా ఎవరినో ఒకరిని దారి అడిగి లోపలికి వచ్చేవాడు.

ఆ అడవి మధ్యలో ఒక నల్లబండ ఉంది. వానాకాలం వచ్చిందంటే, పొద్దు వాలే వేళకి జంతువులన్నీ ఆ బండ చుట్టూ చేరేవి. వడ్రంగిపిట్ట బోలు దుంగ మీద ముక్కుతో దరువు వేసేది. పాడేవాళ్ళు బండెక్కి, ఆ దరువు మీద గుక్క తిప్పుకోకుండా మాటలు విసరాలి. ప్రాస తప్పకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పాట పాడేవాళ్ళ సొంత కథే అయ్యుండాలి.

పాట ముగియగానే అందరూ ఒక్క గొంతుతో "నిజమేనా?" అని అడిగేవారు. పాడినవారు బండ మీద పాదం ఆనించి "నిజమే" అనాలి. ఆ మాట అబద్ధమని తేలితే ఇక ఆ బండ ఎక్కకూడదు. అది తాతల నాటి కట్టుబాటు. అయితే అప్పటిదాకా ఎవరూ పట్టుబడలేదు. పోనుపోను ఆ "నిజమే" అన్నది భోజనం చేశాక వచ్చే తేన్పులాంటిదైపోయింది.

ఆ అడవి అంచున తాటితోపులో ఒక పునుగుపిల్లి ఉండేది. పేరు బుజ్జులు. అమ్మమ్మ పెంపకం. రాలిన తాటిపళ్ళు తినడం, మూతి నాక్కోవడం, ఉరిమితే అమ్మమ్మ తోక కింద దూరడం, ఇదీ వాడి జీవితం.

బుజ్జులుకి పాటంటే పిచ్చి. మొదటిసారి బండెక్కి తాటిపండు మీద పాడాడు. రెండు కుందేళ్ళు నిద్రపోయాయి. ఒక ముళ్ళపంది పాట మధ్యలోనే లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు వాడు తాటిచెట్టు మీంచి జారి ముక్కు గీసుకున్నాడు. కుందేలు పిల్లలు ఆ గాటు చూసి, ఎవరితో కొట్లాడావని అడిగాయి. జారిపడ్డానని చెప్పడానికి సిగ్గేసి, "తోడేలుతో" అన్నాడు. ఆ పిల్లల కళ్ళు తాటికాయలంత అయ్యాయి.

అంతే, ఆ రోజు నుంచి బుజ్జులు లేడు. వాడి పేరు కత్తిగోరు. ముళ్ళకంప మీద దొరికిన పాము కుబుసం ఒకటి తెచ్చి మెళ్ళో వేసుకున్నాడు. కాలికేమీ కాకపోయినా కుంటుతూ నడిచాడు. బండెక్కి పాడాడు:

"తాటిచెట్టు కొమ్మనుంది చిరుత దాచిన దుప్పి,
దించుకొచ్చి తిన్నా నేను దానికే చెప్పి!
అడ్డమొచ్చిన నాగుపాము కుబుసం విప్పి
మెళ్ళో వేసుకున్నా చూడు భుజానికి కప్పి!"

"నిజమేనా?" అంది అడవి.

"నిజమే" అన్నాడు కత్తిగోరు, పాదం బండకి ఆనించి.

ఆ పాటకి ఏనుగులు తల ఊపడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేకపోయాయి. వాటి తలలు పట్టుకోవడానికి పక్క అడవి ఏనుగుల్ని పిలవాల్సి వచ్చింది. కుందేలు పిల్లలన్నీ కుంటుతూ నడవసాగాయి. కుబుసం దొరకనివాళ్ళు ఎండిన తీగెలైనా మెళ్ళో చుట్టుకున్నారు. అందరికన్నా ముందు వరసలో కూర్చునేది దుమ్ములగొండి. ఆ దుప్పి ముక్క మళ్ళీ పాడమని అరిచి అరిచి దాని గొంతు బొంగురుపోయింది.

ఒక్క పూరేడు పిట్ట మాత్రం మెడ వంకరగా పెట్టి ఆలోచిస్తూ ఉండేది. దాని పేరు గింజి. దానికి అన్నీ తెలుసుకోవాలనే ఉంటుంది. వాన ముందు చీమలెందుకు బారు కడతాయి, ఏనుగు తన తోక ఎప్పుడైనా చూసుకుంటుందా, ఇలాంటివి అడక్కుండా దానికి గింజ దిగదు.

"పునుగు మామా, ఒకటి అడగనా?" అంది ఓ సాయంత్రం. "తాటిచెట్టుకి కొమ్మలుండవు కదా. మరి దుప్పి దేనికి వేలాడింది?"

కత్తిగోరు మూతి నాక్కున్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగి ఎక్కింది తాటిచెట్టొక్కటే. చెట్టంటే వాడికి అదే. చిరుతలు వేటని కొమ్మ మీద దాస్తాయని ఎవరో అంటే విన్నాడు, అంతే.

"పాటలో ప్రశ్నలేమిటే, గింజంత పిట్టవి" అని దుమ్ములగొండి కసిరింది. గింజి ఊరుకుంది. కానీ ప్రశ్న ఊరుకోలేదు. దాని కడుపులోనే తిరుగుతూ ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒకనాడు పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు వేళ్ళతో సహా లేచి కాసేపు నడిచి మళ్ళీ కూర్చున్నాయి. వాన వెలిసిన మర్నాడు సాయంత్రం కత్తిగోరు బండ మీద గొంతు సవరించుకుంటున్నాడు. పొదలు రెండుగా విడిపోయి, కొండ అవతల ఉండే చిరుతమ్మ వచ్చి నిలబడింది. ఆ వెనకే దుమ్ములగొండి.

దరువు ఆగిపోయింది. వడ్రంగిపిట్ట ముక్కు దుంగలోనే ఇరుక్కుపోయింది.

చిరుతమ్మ తొందరపడలేదు. చెట్టు మీద దాచుకున్న తన దుప్పి పోయిందని, ఇంట్లో రెండు పసికూనలు ఆకలితో ఏడుస్తున్నాయని నెమ్మదిగా చెప్పింది. దొంగ ఎవరో ఈ బండ దగ్గర అడిగితే తెలుస్తుందని దుమ్ములగొండి వచ్చి చెప్పిందట.

"నా దుప్పిని తిన్నానని పాట కట్టింది నువ్వేనా?" అంది.

కత్తిగోరు మెళ్ళో కుబుసం సవరించుకున్నాడు. వాడి బదులు దుమ్ములగొండే, "పాదం ఆనించి మరీ నిజమే అన్నాడు, అడవి మొత్తం సాక్ష్యం" అంది. కాదని ఎవరనగలరు? రోజూ విన్నవాళ్ళే. పాట పాతది, దుప్పి పోవడం కొత్త, ఆ లెక్క మాత్రం ఎవరికీ తట్టలేదు.

చిరుతమ్మ పంజా తీసి బండ మీద పెట్టింది. ఒక్కో గోరూ ఒక్కో కొడవలంత ఉంది. "పాట అబద్ధమైతే ఇదే బండ మీద పాదం పెట్టి అబద్ధమని చెప్పు, నీ దారిన నువ్వు పో. నిజమైతే చెప్పనక్కర్లేదు, అలాగే నిలబడు" అంది.

అప్పుడు కత్తిగోరు ఏం చేశాడో చెబితే మీరు నమ్మరు. నిలబడ్డాడు. అబద్ధమంటే ఈ బండ పోతుంది, పేరు పోతుంది. ముందు వరసలో కుందేలు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. పిరికివాడని బతకడం కన్నా దొంగ అని చావడమే నయమేమో అనిపించింది వాడికి. గడ్డం పైకి పెట్టాడు.

చిరుతమ్మ పంజా లేచింది.

"చిరుతమ్మా, ఒకటి అడగనా?" అంది గింజి, గడ్డిలోంచి. "దుప్పిని ఏ చెట్టు మీద దాచావు?"

"వాగు పక్క నల్లమద్ది మీద. గాలికి ఆ కొమ్మ విరిగి ఉండడం ఇటు వస్తూ చూశాను."

"మరి పునుగు మామ తాటిచెట్టు కొమ్మనుంది అని పాడతాడే? తాటిచెట్టుకి కొమ్మెక్కడిది?"

ఒక్క క్షణం అడవి మొత్తం ఆలోచించింది. ఆ తర్వాత ఎక్కడో ఓ కోతి కిసుక్కుమంది. ఇన్నాళ్ళూ ఆ ముక్కకి తలలు ఊపినవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గింజి ఎగిరి బండ మీద వాలింది. "మామా, నాకు నిజంగానే తెలుసుకోవాలనుంది. నువ్వెప్పుడైనా చిరుతని చూశావా?" అంది మెల్లగా.

బుజ్జులు గడ్డం కిందికి దిగింది. మెళ్ళో కుబుసం తీసి పక్కన పెట్టాడు. పాదం బండకి ఆనించాడు.

"అబద్ధం" అన్నాడు. "చిరుతని చూడ్డం ఇదే మొదలు. రాలిన తాటిపళ్ళు తప్ప నేనేదీ తినలేదు. నిన్న గాలివానలో అమ్మమ్మ తోక కింద ఉన్నాను. ముక్కు మీద గాటు చెట్టు మీంచి జారితే పడింది."

అడవి నవ్వింది. నవ్వీ నవ్వీ కొందరు వాగులో పడ్డారు. బుజ్జులు బండ దిగి, కుంటకుండా నడిచి, అందరికన్నా వెనక కూర్చున్నాడు. చిరుతమ్మ పంజా దించింది.

గింజికి మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. "దుప్పి పోయిందని ముందు ఎవరు చూశారు, చిరుతమ్మా?"

"అప్పటికి నేనింకా గుహ దాటలేదు. ఈ దుమ్ములగొండే వచ్చి చెప్పింది."

"నువ్వు చూడకముందే దీనికెలా తెలిసింది?"

దుమ్ములగొండి పరుగు అందుకుంది. కొమ్మ విరిగి పడ్డ దుప్పిని అది గాలివాన రోజే ఈడ్చుకుపోయి తినేసింది. పాపం మోయడానికి పాట ఒకటి సిద్ధంగా ఉందని దానికి ముందే తెలుసు. చిరుతమ్మ ఏడు కొండలు దాటించి దాన్ని తరిమింది. అది ఇప్పటికీ ఎక్కడో పరిగెడుతూనే ఉందంటారు.

ఆ తర్వాత బండ మీద గింజి పాడింది. వాన ముందు చీమల బారు గురించి పాడింది. తనకి తెలియనిచోట తెలియదనే పాడింది. జనం చెవులు రిక్కించి విన్నారు, ఎందుకంటే ఆ బారు రోజూ వాళ్ళ కాళ్ళ దగ్గరే వెళ్తుంది, వాళ్ళెప్పుడూ చూడలేదు. గింజి బండకి పెద్ద పాటకత్తె అయింది.

బుజ్జులు మళ్ళీ బండెక్కలేదు. ఎక్కరాదు కూడా. తాటితోపులో కూర్చుని ఒక్కడే పాడుకునేవాడు: అమ్మమ్మ తోక ఎంత వెచ్చగా ఉంటుందో, ఉరుముకి తన గుండె ఎలా గెంతుతుందో. ఒకనాడు ఉరుములకి బెదిరిన కుందేలు పిల్ల ఒకటి అటు పరిగెత్తుకొచ్చి, పాట విని ఆగింది.

"మామా, నీకు కూడా భయమేనా? నిజమేనా?"

అక్కడ బండ లేదు. పాదం ఆనించడానికి బురద తప్ప ఏమీ లేదు.

"నిజమే" అన్నాడు బుజ్జులు. కుందేలు పిల్ల వచ్చి వాడి తోక కింద దూరింది.

నీతి: గొప్ప కోసం చేయని నేరం నెత్తికెత్తుకుంటే, దాని శిక్ష కూడా ఆ నెత్తి మీదే పడుతుంది. చిన్నదైనా సరే, ఎవరి సొంత కథ వారే చెప్పుకోవాలి.