కంపు నోరూ కొండతేనే

అనగనగా ఒక ఊళ్ళో అనుకునేవు, ఊళ్ళో కాదు. వాగు దాటి పోతే కొండ మీద ఒక గూడెంలో ఈదన్న అని తేనె తీసేవాడు ఉండేవాడు. ఊ కొట్టు మరి. కొట్టకపోతే నేను చెప్పను.

ఈదన్న చేతిలో మంచి పనితనం ఉంది. నోట్లో మాత్రం, ఛీ ఛీ, ఏం చెప్పమంటావు! పొద్దున్నే లేచి పుల్ల వెయ్యడు. తిన్నాక పుక్కిలించడు. నాలుక గీసుకోవడమన్నది పుట్టి బుద్ధెరిగి లేదు. పెళ్ళాం బయ్యమ్మ వేపపుల్ల విరిచి చేతికిస్తే, "పులి పళ్ళు తోముకుంటుందా?" అనేవాడు. "పులి తేనె కొయ్యదయ్యా" అనేది ఆవిడ.

తేనెటీగలకి నోటి కంపు గిట్టదు. ఊపిరి తగిలితే చాలు, మీద పడతాయి. అందుకే ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. తాడు మీద లోయలోకి దిగేవాడు, తాడు పట్టేవాడి మొహం మీద "హా" అని ఊదాలి. కంపు లేదంటేనే దిగనిస్తారు. తాడు పట్టేది ఎప్పుడూ పెళ్ళాం తమ్ముడే. అక్క పసుపుకుంకాలు వాడి చేతిలో ఉంటాయి కదా, చచ్చినా వదలడు.

మొదట ఈదన్న చెట్టు తొర్రలో తేనెపట్టు తీశాడు. అప్పుడు రెండు ఈగలు పెదవి మీద కుట్టాయి. "పొగ చాల్లేదు" అన్నాడు. ఆ తర్వాత పొదలో పట్టు తీశాడు. అప్పుడు పది కుట్టాయి, మొహం బూరెలా పొంగింది. "ఎండెక్కువైంది" అన్నాడు. తప్పు మాత్రం తనది కాదుట!

మూడోది లోయ మీద పట్టు. తలుపు రెక్కంత ఉంది. ఆ ఈగలకి కోపమొస్తే మనిషి బతికి రాడు. ఈదన్నకీ భయమేసింది. భయమేస్తే పళ్ళు తోముకోవచ్చుగా? అబ్బే! సంతలో కొన్న యాలక్కాయలు నాలుగు నోట్లో వేసుకుని నమిలాడు.

కొండ అంచున బావమరిది మంతన్న మొహం మీద "హా" అన్నాడు. యాలకల వాసన గుప్పుమంది. దాని అడుగు నుంచి ఇంకో వాసనా తగిలింది. మంతన్నకి మాట నోటిదాకా వచ్చింది. కానీ అక్క మొగుడు, పెద్దవాడు, ఎట్లా అంటాడు పాపం? "దిగు బావా" అన్నాడు.

అప్పుడు ఈదన్న దిగాడు. పట్టు దగ్గరికి పోయేసరికి యాలకల ఘాటు కాస్తా పోయింది. పాత కంపు పైకొచ్చింది. ఒక ఈగ వచ్చి పెదవి మీద వాలింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత పట్టంతా ఒక్కసారి జుమ్మని లేచింది.

ఈదన్న నోరు గట్టిగా మూసుకున్నాడు. పైకి లాగాలంటే కేకెయ్యాలి. కేకెయ్యాలంటే నోరు తెరవాలి. తెరిస్తే చచ్చాడే! భయంతో తాడు కుదిపాడు. తాడు కుదిపితే ఇంకా కిందికి వదలమని గుర్తు. మంతన్న బారెడు వదిలాడు. మళ్ళీ కుదిపాడు, మళ్ళీ వదిలాడు. ఇప్పుడు పట్టు మొహానికి జానెడు దూరంలో ఉంది. భయపడకు నా తల్లే, ఇటు జరుగు.

పైన బయ్యమ్మ తేనె బానతో కూర్చుంది. ఎంతసేపైనా మొగుడి గొంతు వినపడదే! ఏ పనిలో ఉన్నా వాగుతూనే ఉంటాడాయన. "ఒరే మంతా, మీ బావ ఇంతసేపు నోరు మూసుకునే మనిషేనట్రా? లాగరా, లాగు!" అని బాన పారేసి తనూ తాడు పట్టింది.

ఇద్దరూ అరచేతులు చీరుకుపోయేలా లాగారు. ఈదన్న పైకొచ్చాడు. కళ్ళు మూతలు పడేంత వాచిపోయాడు, ఊపిరి మాత్రం ఉంది. బయ్యమ్మ ఒక్కొక్క ముల్లూ గోటితో తీస్తూ ఏడ్చింది. అప్పుడు మంతన్న కాళ్ళ మీద పడ్డాడు. "నాకు కంపు తగిలింది బావా. చెప్తే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. నా మొహమాటంతో నిన్ను చంపుకునేవాణ్ణి" అన్నాడు.

"నువ్వేం చేశావురా? మీ అక్క రోజూ చెప్పింది. నేనే విన్లేదు" అన్నాడు ఈదన్న, వాచిన పెదవుల్తో.

నాకు నీ దగ్గర మొహమాటమేం లేదమ్మా. పాలు తాగి పుక్కిలించకుండా దుప్పట్లో దూరావు, నోరు వాసనొస్తోంది. లే, లే, మీ అమ్మమ్మ కాబట్టి చెప్తోంది.

కథేమో కంచికి,
చెంబేమో నోటికి,
పళ్ళు తోమి, పుక్కిలించి,
మనమేమో మంచానికి!