బండెక్కిన రాయి

వాగు దాటి అవతలి మందలకు పోవాలంటే ఆ అడవికి ఒకటే బండి. లాగేది ముసలి ఒంటెద్దు. కాడి మెడ మీద పడ్డాక వెనక్కి తిరిగి చూడనని దాని పట్టుదల. ఎవరెక్కారో, ఎవరు మిగిలారో చెవులతోనే కనిపెట్టేది.

బండి కోసం నిలబడి నిలబడి జంతువులు ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయని, గిజిగాడు నేరేడు చెట్టుకు ఒక గడ్డిపీట అల్లి వేలాడదీశాడు. ఎవరైనా కూర్చుంటే పీట దిగుతుంది. దానికి కట్టిన వెదురు దోనె వంగి, ఊటనీళ్లు ఎండు సొరబుర్రల మీద పడి చిరువానలా మోగుతాయి. కూర్చున్నవాళ్లకు హాయిగా కునుకు పడుతుంది. లేస్తే మోత ఆగుతుంది. మోత ఆగితే అందరూ ఎక్కినట్టేనని ఎద్దు కదులుతుంది.

ఒక సాయంత్రం మేక ముందే వచ్చి బండెక్కింది. పాలు తాగే పిల్లను అవతలి దొడ్లో వదిలి మేతకొచ్చింది. పొద్దు గుంకితే దొడ్డి తలుపు మూసేస్తారు. ఇక తెల్లారేదాకా పిల్ల ఆకలికి అరవాల్సిందే.

ఎద్దు కదిలేలోపే నక్క వచ్చింది. దాని కన్ను గట్టు మీద పండిన దోసపాదు మీద పడింది. మనుషులు కిటికీలోంచి తువ్వాలు పడేసి బస్సులో సీటు ఆపుకున్నట్టు, ఒక గుండ్రాయి దొర్లించి పీట మీద పెట్టింది. సొరబుర్రలు మోగాయి.

"అది నా చోటు. నేనొచ్చేదాకా బండి కదలదు," అంది.

"అలిసినవాళ్ల కోసం అల్లాను, రాళ్ల కోసం కాదు," అన్నాడు గిజిగాడు కొమ్మ మీంచి.

"గడ్డిపోచలు ఏరుకునేవాడివి, నీకెందుకురా పెద్ద మాటలు?" అని నక్క పాదులో దూరింది.

పొద్దు వాలుతోంది.

"బయల్దేరు మావా, పిల్ల పాలకు ఏడుస్తుంటుంది," అంది మేక.

"మోగుతోంది కదే! కూర్చున్నవాళ్లను వదిలేసి పోయే బండి కాదు నాది."

"కూర్చుంది రాయి మావా! ఒక్కసారి తిరిగి చూడు."

"రాయో రత్నమో, వెనక్కి చూడను. కూర్చున్నది లేచి బండెక్కాలి. అప్పుడే కదులుతా."

మేక ఆలోచించింది. రాయిని కిందికి తోసేస్తే, తన చోటు లాగేసుకుందని నక్క రేపు పంచాయితీ పెడుతుంది. అందుకని బండి దిగి, కొమ్ములతో రాయిని పీట మీంచి దింపి, ఎక్కుడుపలక మీదుగా నెట్టుకుంటూ బండిలోకి చేర్చింది. మోత ఆగింది. ఎద్దు కదిలింది.

సొరబుర్రలు ఆగేసరికి నక్క ఉలిక్కిపడి, నోటినిండా దోసముక్కతో పరిగెత్తుకొచ్చింది.

"ఆగు మావా! నేను మిగిలిపోయా!"

"కూర్చున్నది లేచింది, ఎక్కింది. నువ్వెవరు?"

"అది రాయి మావా! ఆ చోటు నాది!"

"వెనక్కి చూడను," అంది ఎద్దు, నీళ్లలో దిగుతూ.

"నీ చోటు భద్రంగా ఉంది బావా," అని మేక అరిచి చెప్పింది. "నీ రాయి ఎవర్నీ కూర్చోనివ్వట్లేదులే."

తలుపు మూయకముందే మేక దొడ్డి చేరింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. ఇవతల నక్క వేరే దారిలేక పీటెక్కి ముడుచుకుంది. సొరబుర్రలు చక్కగా మోగాయి, వినడానికి బండే లేదు.

"ఇప్పుడు సరిగ్గా వాడుతున్నావు," అన్నాడు గిజిగాడు.

తన బదులు రాయిని కూర్చోబెట్టినవాడి ప్రయాణం ఆ రాయే చేస్తుంది.