ఏడో ఎత్తు

చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసి, నెలాఖరున ప్రోగ్రాముల మధ్య జరిగే పోటీలో నిలబెట్టాలని మంజీర పంతం పట్టింది. పోటీకి తన పేరు కూడా ఇచ్చేసింది. ఇక ఇరవై రోజులే ఉన్నాయి, ప్రోగ్రాంలో ఇంకా ఒక్క బంటూ కదల్లేదు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మొదలుపెట్టి, మరీ నెమ్మదని చెరిపేసింది. సీ ప్లస్ ప్లస్‌లో మొదలుపెట్టి, తప్పు చేస్తే పట్టుకోలేనని భయపడి మానేసింది. రస్ట్‌లో రాసేవాళ్ళ గొప్పలు వారం పాటు చదివేసరికి తల దిమ్మెక్కింది.

చివరికి బొబ్బిలిలో జగ్గారావు మాస్టారి ఇంటికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషే గానీ, ఆయన నోట మాట రావడం మహా కష్టం.

"ఈ మూడు భాషల్లో ఏది పట్టుకోమంటారు మాస్టారూ? మీరు ఏదంటే అదే."

ఆయన చదరంగం పలక పరిచి అయిదంటే అయిదు పావులు పెట్టారు. ఒకే వరసలో ఈ చివర తెల్లరాజు, ఆ చివర నల్ల ఏనుగు, మధ్యలో పక్కపక్కనే ఒక తెల్లబంటు, ఒక నల్లబంటు. నల్లరాజు ఎక్కడో మూల.

"నల్లబంటు ఇప్పుడే రెండు గళ్ళు దూకి వచ్చింది. తెల్లవాడికి ఎన్ని ఎత్తులున్నాయో చెప్పమ్మా."

మంజీరకు నవ్వొచ్చింది. ఇదా పరీక్ష!

"రాజుకి అయిదు. బంటు ముందుకెళ్తే ఆరు. రెండు గళ్ళు దూకి పక్కకొచ్చిన బంటుని, ఒక్క గడే కదిలిందనుకుని దాని వెనక గడిలోకి వెళ్ళి చంపొచ్చు, దాంతో ఏడు. చాలామంది ఆ ఏడోది మర్చిపోతారు మాస్టారూ," అంది కాస్త గర్వంగానే.

"అయితే ఆడు."

తెల్లబంటుని ఐమూలగా పై గడిలోకి జరిపి, నల్లబంటుని పలక మీంచి తీసేసింది.

మాస్టారు ఒక్క వేలితో నల్ల ఏనుగుని తోశారు. అడ్డు లేని వరసంతా మెల్లగా జారుకుంటూ వచ్చి, అది తెల్లరాజుకి తగిలి ఆగింది.

మంజీర చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఒక్క ఎత్తుతో ఆ వరసలోంచి రెండు బంట్లూ లేచిపోయాయి. తన రాజుని తానే ఏనుగుకి అప్పగించింది. అసలు ఆడకూడని ఎత్తు అది. ఎనిమిదేళ్ళుగా ఆడుతున్న ఆట, తెలిసిన నియమం, అయినా కంటికి ఆనలేదు. అయిదు పావుల్లోనే ఇంత దాగి ఉంటే ముప్ఫై రెండింటి మాటేమిటి? రోజూ చూసే పలకే, మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూసింది.

"ఈ ఏడో ఎత్తుని ఏ భాషలో రాసేదానివమ్మా?" అడిగారు మాస్టారు.

మంజీర బల్ల మీదున్న పెన్సిలూ చిత్తుకాయితమూ దగ్గరికి లాక్కుంది.

"ఇంకోటి పెట్టండి మాస్టారూ."